గేటు గదిలో పరాయి ఊరి మనిషి

వరద పనిలోకి కొత్తగా వచ్చే పిల్లలు నాకు అప్పుడప్పుడు ఫోన్ చేస్తుంటారు. “ఆంటీ, ఇంటర్వ్యూకి ఏం ప్రిపేర్ అవ్వాలి? ఏ సాఫ్ట్‌వేర్ నేర్చుకోవాలి?” అని అడుగుతారు. సాఫ్ట్‌వేర్ పేరు చెబుతాను. చెప్పి, “అనుమానపడటం కూడా నేర్చుకోమ్మా” అంటాను. పెద్దావిడ వేళాకోళమాడుతోందనుకుని నవ్వి ఫోన్ పెట్టేస్తారు.

వేళాకోళం కాదు. చికాగోకి పడమట, నేపర్‌విల్ దాటాక వచ్చే ఒక చిన్న ఊళ్లో నేను ఉద్యోగమంతా చేసింది అదే. వాగు పొంగినప్పుడు నీళ్లు పరుచుకునే పల్లపు నేలను వరద మైదానం అంటారు. అక్కడ ఎవరు కట్టుకోవచ్చు, ఎంత ఎత్తున కట్టుకోవాలి, కట్టినది చెప్పినట్టే కట్టారా అని చూసే మనిషి ప్రతి ఊరికీ ఒకరుంటారు. మా ఊరికి నేను. నా దగ్గరికి వచ్చిన ప్రతి కాగితమూ అంతా బాగానే ఉందని చెప్పేది. బాగోలేదని చెప్పే కాగితం ఒక్కటీ నా బల్ల మీదికి రాలేదు. ఊళ్లో మాత్రం నీళ్లు వస్తూనే ఉండేవి. ఈ రెండూ ఒకేసారి నిజం కావడం కుదరదు కదా. అక్కడ మొదలైంది నా అనుమానం.

ప్రమోషన్ల సంగతులు ఇందులో రాయను. అవి ఎవరికీ పనికిరావు. నాకు పని నేర్పిన రెండు మూడు సంఘటనలు రాస్తాను.

లైబ్రరీలో నేర్చిన నీళ్లు

నేను చదివింది బీకాం. నీళ్ల గురించి కాలేజీలో ఒక్క ముక్క చదవలేదు. ఈ దేశం వచ్చాక దొరికిన మొదటి ఉద్యోగం పబ్లిక్ లైబ్రరీలో, తిరిగొచ్చిన పుస్తకాలను అరల్లో సర్దడం. ఆరు వందల ఇరవై ఏడో నంబర్ అర కిటికీ పక్కన ఉండేది. కాలవలు, కట్టలు, వరదలు అన్నీ అక్కడే. ఎవరూ పట్టుకెళ్లేవారు కాదు కాబట్టి సర్దే పనీ ఉండేది కాదు. బ్రేక్‌లో అక్కడ నిలబడి చదివేదాన్ని. అర్థం కాని లెక్కలకు వేరే అరలోంచి లెక్కల పుస్తకం తెచ్చుకునేదాన్ని. మా లైబ్రరీలో లేనివి పక్క ఊళ్ల నుంచి తెప్పించుకున్నాను. అలా ఏళ్లు గడిచాయి. ఆ అరలో నేను చదవని పుస్తకం లేదని ఇప్పటికీ గర్వంగానే చెబుతాను. ఆ చదువుతోనే ఊరి ఇంజనీరింగ్ ఆఫీసు కౌంటర్‌లో చేరాను. ఆ చదువుతోనే తర్వాత సర్టిఫికేట్ పరీక్ష కూడా పాసయ్యాను.

లైబ్రరీ చదువులో ఒక సుగుణం ఉంది. కాలేజీలో ఒక విషయానికి ఒక పుస్తకం ఇస్తారు. లైబ్రరీలో అదే విషయం మీద నాలుగు పుస్తకాలు పక్కపక్కన కూర్చుని పోట్లాడుకుంటూ ఉంటాయి. ఒకటి చదివితే నమ్మకం కలుగుతుంది. రెండోది చదివితే అనుమానం పుడుతుంది. మూడోది చదివాక, లేచి వెళ్లి వాగు చూసి వద్దామనిపిస్తుంది.

రే నా మోకాళ్లు చూసేవాడు

మా బాస్ పేరు రే. పొడుగాటి మనిషి, మాట తక్కువ. నా పేరు సుగుణ అని చెబితే మొదటి రోజే ‘సూ’ అని కత్తిరించేశాడు. మంచి బాసేనా అంటే చెప్పలేను. పొగడ్త ఎరగడు. సెలవు అడిగితే వాన వస్తుందేమో చూసి చెబుతాననేవాడు. ఒక్క విషయంలో మాత్రం అతనికి రుణపడి ఉన్నాను.

పల్లంలో కట్టే ఇళ్లను నేల మీద కాకుండా కొంచెం ఎత్తున కట్టిస్తారు. ఆ ఎత్తు కోసం కట్టిన పునాది గోడలకు అడుగున చిన్న చిన్న కంతలు వదలాలి. వరద వస్తే నీళ్లు వాటిలోంచి లోపలికీ బయటికీ తిరుగుతాయి. లేకపోతే బయటి నీటి బరువుకు గోడ కూలుతుంది. ఒక కొత్త ఇంటికి కంతలు పెట్టినట్టు ఫోటోలు వచ్చాయి. నేను వెళ్లి బయటి నుంచి చూశాను. పద్ధతిగా జాలీలు బిగించి ఉన్నాయి. వచ్చి సరే అన్నాను.

రే నా ముఖం కాదు, నా ప్యాంటు మోకాళ్లు చూశాడు.

“శుభ్రంగా ఉన్నాయే.”

“ఉంటే?”

“వంగకుండా ఏం చూశావు, సూ? వెళ్లి మళ్లీ చూడు. ఈసారి మట్టి చేసుకుని రా.”

మండిపోయింది. వెళ్లి ఆ ఇంటి పక్కన మోకాళ్ల మీద కూర్చుని జాలీలోకి వేలు పెట్టాను. మెత్తగా తగిలింది. ప్రతి కంతలోనూ లోపలి నుంచి, చలి ఆపడానికి ఇంటి గోడల్లో నింపే గులాబీ రంగు దూది కుక్కి ఉంది. ఇంటాయన స్వెటర్ మీద స్వెటర్ వేసుకుని బయటికొచ్చాడు. చాలా మర్యాదస్తుడు.

“అందులోంచే కదమ్మా చలి వచ్చేది! ఎలుకలు కూడా. ఎవరో మతిలేని వాడు గోడకి కంతలు పెట్టాడు. నేనే మూసేశాను.”

ఆ మతిలేని వాడు మా రూలేనని చెప్పాను. వరదప్పుడు తీసేస్తానన్నాడు. “వరద మీకు ఫోన్ చేసి వస్తుందా?” అని అడిగాను. ఆయన ఆలోచించి, “చలి మాత్రం ప్రతి ఏడూ చెప్పకుండానే వస్తోంది” అన్నాడు. ఆయనలో దుర్బుద్ధి ఏమీ లేదు. మంచివాళ్లు చలికి చేసే పనులంటేనే నాకు ఎక్కువ భయం. ఆనాటి నుంచి నేను ముదురు రంగు ప్యాంట్లు వేసుకోవడం మానేశాను, మట్టి కనిపించాలని.

అందరూ తల ఊపే బల్ల

ఈ ఉద్యోగంలో ఒంటరిగా చేసేది ఏమీ ఉండదు. ఇంజనీరు, సర్వేయరు, బీమా మనిషి, ఫైర్ డిపార్ట్‌మెంట్ మనిషి, ప్లానింగ్ వాళ్లు, అందరం నెలకోసారి ఒక బల్ల చుట్టూ కూర్చునేవాళ్లం. కలిసి పనిచేయడం ఎంత గొప్పదో మీకు ట్రైనింగ్‌లో చెబుతారు. నిజమే. దాంట్లో ఉన్న ప్రమాదం మాత్రం చెప్పరు. సర్వేయరు కొలిచి ఉంటాడని ఇంజనీరు అనుకుంటాడు. ఇంజనీరు చూసి ఉంటాడని నేను అనుకుంటాను. మేమందరం చూశామని బీమా మనిషి అనుకుంటాడు. ఐదుగురు తల ఊపితే ఐదుసార్లు తనిఖీ జరిగినట్టు కనిపిస్తుంది. ఒక్కోసారి ఒక్కరు కూడా అక్కడికి వెళ్లి ఉండరు.

అందుకని నేను ప్రతిదానికీ ఒకటే అడిగేదాన్ని: “వెళ్లి చూసింది ఎవరు?” మొదట్లో నవ్వేవారు. తర్వాత విసుక్కున్నారు. చివరికి నేను నోరు తెరవకముందే ఎవరో ఒకరు, “నేను వెళ్లాను సూ, బూట్లు కారులో ఉన్నాయి, చూపించమంటావా?” అనడం మొదలుపెట్టారు. నాకు అది చాలు. ప్రేమ కోసం మనం ఈ ఉద్యోగంలో చేరలేదు.

పై ఊరు, కింది ఊరు

మా వాగుకి ఎగువన ఇంకో ఊరుంది. దాన్ని పై ఊరు అంటాను. అక్కడ మట్టికట్ట కట్టి ఒక పెద్ద చెరువు లాంటిది చేశారు. వాన నీళ్లను కాసేపు అందులో ఆపి, తర్వాత గేటు ఎత్తి మెల్లగా వదులుతారు. ఎక్కువసేపు ఆపితే చెరువు చుట్టూ ఉన్న వాళ్ల ఇళ్లలోకి నీళ్లొస్తాయి. తొందరపడి వదిలితే మా ఊళ్లోకి వస్తాయి. అంటే గేటు దగ్గర కూర్చున్న మనిషికి ప్రతి వానలోనూ ఒక ఊరు చుట్టం, ఇంకో ఊరు పరాయిది.

ఏ ఊరివాళ్లూ పక్క ఊరివాళ్లను నమ్మేవారు కాదు. గేటు ముందుగా ఎత్తేశారని మేము, ఎత్తలేదు, మీ కాలవలే పూడిపోయాయని వాళ్లు. ఈ గొడవ నేను చేరకముందు నుంచే ఉంది. ఒకసారి ఉమ్మడి మీటింగ్‌లో ఎవరో ‘పరస్పర విశ్వాసం పెంచుకుందాం’ అని మొదలుపెట్టగానే రే మధ్యలో అందుకున్నాడు.

“నమ్మకం నావల్ల కాదు. వాన వచ్చినప్పుడు మా మనిషి ఒకరు మీ గేటు గదిలో కూర్చుంటారు. మీ మనిషిని మా ఆఫీసులో కూర్చోబెట్టండి. కాఫీ మేమిస్తాం.”

పై ఊరి ఇంజనీరు గ్రెగ్ ఎర్రబడ్డాడు. “మేమేమైనా దొంగలమా?”

“కాదు. మేమూ కాదు. అయినా కూర్చుందాం.”

అదే మా ఆచారమైపోయింది. గట్టి వాన అనగానే మా ఊరి నుంచి నేను పై ఊరి గేటు గదికి వెళ్లేదాన్ని. మా కాలవలు చూసుకోవడానికి వాళ్ల మనిషి మా దగ్గరికి వచ్చేవాడు. గేటు ఎప్పుడు ఎత్తాలన్నా ఆ గదిలో ఉన్న పరాయి ఊరి మనిషి సరే అనాలి. నేను చూసిన ఒప్పందాల్లోకెల్లా పనికొచ్చింది ఇదొక్కటే. అందులో ఎవరూ ఎవరినీ నమ్మనక్కర్లేదు.

గ్రెగ్ నన్ను చూడగానే, “వచ్చింది గూఢచారి!” అనేవాడు. నేను బిస్కెట్లు తెచ్చేదాన్ని. మా ఊరి బిస్కెట్లు తిననని ఒట్టు పెట్టుకున్నట్టు మొదటి రెండు వానలకు ముట్టుకోలేదు. మూడో వానకు తిన్నాడు.

గార్డెన్ లెవెల్

మా ఊళ్లో వాగు ఒడ్డున పాత అపార్ట్‌మెంట్లు ఉన్నాయి. వాటి అడుగు అంతస్తు సగం నేలలోకి దిగి ఉంటుంది. కిటికీలోంచి చూస్తే గడ్డి మొదళ్లు కనబడతాయి. దాన్ని ‘గార్డెన్ లెవెల్’ అని ముద్దుగా పిలుస్తారు. అద్దె తక్కువ. అందుకని ఎంఎస్ చదివే మన పిల్లలు అక్కడే ఉండేవారు.

ఆ నేల ఎంత లోతులో ఉందో చూడటానికి ఒక ఉదయం వెళ్లాను. తలుపు తీసిన అమ్మాయి పేరు ప్రణీత, వరంగల్ పిల్ల. గుమ్మం బయట బూట్ల గుట్ట. లీజులో ఉన్నవి రెండే పేర్లు, అంతకు మించి ఉన్నారని తెలిస్తే ఖాళీ చేయిస్తారు.

“ఫ్రెండ్స్ వచ్చిన్రు ఆంటీ, పార్టీకి” అంది నేను అడగకుండానే.

సరిగ్గా అప్పుడే లోపలి గదిలోంచి ఒక అమ్మాయి పళ్లు తోముకుంటూ వచ్చింది. నన్ను చూసి బ్రష్ నోట్లోనే ఉంచుకుని వెనక్కి తిరిగిపోయింది. ఆమె వెనకాల ఇంకో ఇద్దరు.

“నేను చూడ్డానికొచ్చింది బూట్లు కాదమ్మా, నేల” అన్నాను.

“గట్లనే అంటరు” అంది ప్రణీత, నవ్వుతూనే. ఒక్క ముక్క కూడా నమ్మలేదు. తప్పు పట్టలేను. మెడలో ఊరి గుర్తింపు కార్డు వేలాడుతున్న ఆంటీ ఇంకే పని మీద వస్తుంది?

తర్వాత ఇండియన్ స్టోర్‌లో కరివేపాకు దగ్గర మళ్లీ కనిపించింది. “మల్ల వస్తరా చెకింగ్‌కు?” అని గుసగుసగా అడిగింది. వాన గట్టిగా వస్తే ఆ గదుల్లో ఉండొద్దని చెప్పి నా సెల్ నంబర్ ఇచ్చి, ఆమెది తీసుకున్నాను. “నంబర్ తీసుకుంట, కానీ మీరు ఫోన్ చేస్తే భయమైతది ఆంటీ” అంది. ఆ అపార్ట్‌మెంట్ల సంగతి బల్ల దగ్గర పెట్టాను. పాత కట్టడం, కొత్త రూలు వర్తించదన్నారు. అందరూ తల ఊపారు. వెళ్లి చూసింది నేనొక్కదాన్నే.

అంకె కదలలేదు

వసంతకాలంలో ఒక మధ్యాహ్నం వాన మొదలైంది. నేల అప్పటికే తడిసి ఉంది, ఇంక పీల్చుకోదు. నేను గేటు గదికి వెళ్లాను. గ్రెగ్ స్క్రీన్ ముందు కుర్చీ వెనక్కి వాల్చుకుని కూర్చున్నాడు.

“నీకు శుభవార్త, గూఢచారీ. చెరువు ఇంకా చాలా ఖాళీగా ఉంది. ఇవాళ గేటు ఎత్తే పనిలేదు. పుస్తకం చదువుకో.”

పుస్తకం తీశాను. ఒక పేజీ కూడా తిప్పలేదు. పైన రేకుల కప్పు మీద వాన చప్పుడు పెరుగుతోంది. స్క్రీన్ మీద నీటిమట్టం అంకె అలాగే ఉంది. ఇంకా పెరిగింది చప్పుడు. అంకె కదలలేదు.

“గ్రెగ్, బయటికెళ్లి చూద్దాం.”

“ఈ వానలోనా? స్క్రీన్ మీద కనిపిస్తోంది కదా!”

“కనిపిస్తోంది.”

“మీ ఊరికి లాభమైన మాటే చెబుతున్నాను నీకు. దాన్ని కూడా నమ్మవా?”

“అందుకే నమ్మడం లేదు.”

పిల్లలూ, ఈ ఒక్కటి గుర్తుపెట్టుకోండి. నష్టం కలిగించే మాటను ఎవరైనా అనుమానిస్తారు. మనకు కావలసిన మాట ఎవరైనా చెప్పినప్పుడు లేచి వెళ్లి చూడటమే ఈ వృత్తి.

అతను గొణుక్కుంటూ కోటు వేసుకున్నాడు. కట్ట దగ్గర కాంక్రీటు గోడకు కొలబద్ద బిగించి ఉంటుంది, పెద్ద పెద్ద అంకెలతో. నీళ్లు కట్ట అంచుకు ఇంచుమించు చేరుకున్నాయి. మట్టం కొలిచే పరికరం ఒక నిలువు గొట్టంలో ఉంటుంది. ఆ గొట్టం అడుగు మూతిని ఆకులూ బురదా పూడ్చేశాయి. గొట్టం లోపలి నీళ్లు ఎప్పటివో అప్పటివే నిలబడి ఉన్నాయి. మేము గదిలో కూర్చుని చూసింది ఆ నీళ్లని.

“పైనుంచి పొర్లితే మట్టికట్ట నిలవదు” అన్నాడు గ్రెగ్. “కోసుకుపోతుంది. చెరువంతా ఒక్కసారి దిగుతుంది.”

“ఎక్కడికి దిగుతుందో నాకు తెలుసు.”

“ఇప్పుడే కొంచెం కొంచెంగా ఎత్తాలి, సూ. నువ్వు సరే అనాలి.”

సరే అంటే వాగు పొంగి ఆ అపార్ట్‌మెంట్ల కిటికీల దాకా వస్తుంది. అనకపోతే అసలు అపార్ట్‌మెంట్లే ఉండవు. “ఎంతసేపు ఆగగలం?” అని అడిగాను. “వాననడుగు” అన్నాడు. వెటకారం కాదు, అతనికి నిజంగా తెలియదు.

రేకి ఫోన్ చేశాను. అతను ఏమీ ప్రశ్నించకుండా పోలీసులనీ ఫైర్ వాళ్లనీ తలుపులు తట్టడానికి పంపాడు. కాసేపటికి తిరిగి చేశాడు.

“పై అంతస్తుల వాళ్లు బయటికొచ్చారు. కింద కొన్ని తలుపులు తీయడం లేదు. లైట్లు లేవు. ఇళ్లలో ఎవరూ లేరంటున్నారు ఫైర్ వాళ్లు.”

“ఉన్నారు, రే.”

“నీకెలా తెలుసు?”

“బూట్లున్నాయేమో గుమ్మాల దగ్గర చూడమనండి.”

ప్రణీతకి ఫోన్ చేశాను. మొదటిసారి ఎత్తలేదు. రెండోసారి ఎత్తి గుసగుసలాడింది.

“ఆంటీ, పోలీసోళ్లు వచ్చిన్రు. మేం లైట్లు బంద్ జేసి కూసున్నం. మీరే పంపిన్రా?”

“నేనే పంపాను. తలుపు తీసి బయటికి వచ్చెయ్యండి. నీళ్లొస్తున్నాయి.”

“ఎంతమంది ఉన్నరని అడుగుతరు గద. లీజ్‌ల ఇద్దరమే ఉన్నం. మేనేజరేమో వాన పెద్దగేం లేదు, ఇంట్లనే ఉండున్రి అని మెసేజ్ పెట్టిండు. వీసా స్టేటస్‌కేమన్నా అయితే?”

“ఇప్పుడు వాళ్లు మనుషుల్ని లెక్కపెట్టడానికి రాలేదమ్మా.”

“మీరు గట్లనే అంటరు ఆంటీ.”

ఆమె స్థానంలో నేనున్నా నన్ను నమ్మను. అప్పుడు తోచింది.

“సరే, నన్ను నమ్మకు. మేనేజర్నీ నమ్మకు. మీ కిటికీలోంచి పార్కింగ్ కనిపిస్తుంది కదా. అక్కడ నేలలో ఇనప జాలీ ఉంటుంది, వాన నీళ్లు పోయేందుకు. చూసి చెప్పు. నీళ్లు అందులోకి దిగుతున్నాయా, అందులోంచి పైకి వస్తున్నాయా?”

కర్టెన్ జరిపిన చప్పుడు.

“పైకొస్తున్నయ్ ఆంటీ. కుతకుత మరిగినట్టు వస్తున్నయ్.”

“వాగు నిండింది. అందుకే వెనక్కి తంతోంది. ఇంక మీ ఇష్టం.”

“ఏయ్, లేవున్రే! ఫైళ్లు తీస్కోన్రి!” అన్న కేక నా చెవిలోనే పడింది. చదువు వీసాకి ఆధారమైన ఐ-ట్వంటీ కాగితాలు, పాస్‌పోర్టులు ఉన్న ఫైళ్లు. వాళ్ల గ్రూప్‌లో అందరికీ చెప్పమన్నాను. పక్క ఇళ్ల తలుపులు ఆమే వెళ్లి కొట్టింది. పోలీసు కొట్టినప్పుడు తెరుచుకోని తలుపులు “అక్కా, నేను ప్రణీతను” అంటే తెరుచుకున్నాయి.

రే ఫోన్ చేసి, “వచ్చేశారు. నేననుకున్న దానికంటే చాలామంది ఉన్నారు” అన్నాడు. నేను గ్రెగ్‌తో సరే అన్నాను. గేటు మెల్లగా లేచింది. కట్ట నిలిచింది. కింద గార్డెన్ లెవెల్ గదుల్లోకి కిటికీ అంచుల దాకా నీళ్లు వచ్చాయి.

ఎవరి తరఫున

నీళ్లు తీశాక అపార్ట్‌మెంట్ మేనేజరు కొత్త కార్పెట్ వేయించి, గోడలకు రంగు కొట్టించి, ఆగస్టులో కాలేజీ తెరిచేలోగా మళ్లీ అద్దెకిస్తానన్నాడు. బల్ల చుట్టూ ఎవరి మటుకు వాళ్లకు అంతా బాగానే ఉంది. కరెంటు తీగలు మార్చారు. గేటు దగ్గర ఇంకో పరికరం పెట్టారు. బీమా దొరుకుతుందన్నారు. నేను మాత్రం ఆ గదుల్లో మనుషులు పడుకోకూడదని రూలు పెట్టమని పట్టుబట్టాను. ఊరి సభలో విచారణ పెట్టారు. ఆ రోజు జరిగిందంతా నేను సభకు చెప్పాను, గేటు ఎత్తడానికి సరే అన్నది నేనేనని కూడా.

రూలు పాసైంది. బయట వరండాలో ప్రణీత నా కోసం నిలబడి ఉంది. అదే కాంప్లెక్స్ పై అంతస్తులో ఎక్కువ అద్దెకి మారింది. ఆమెతో ఉన్నవాళ్లు చెల్లాచెదురయ్యారు. ఒకమ్మాయి కాలేజీకి బాగా దూరంగా, బస్సు కూడా లేని చోటికి పోయింది.

“మీరే నీళ్లు వదిలిన్రు, మీరే తాళం ఏసిన్రు” అంది. కోపంగా కాదు, లెక్క సరిచూసుకుంటున్నట్టు.

“అవునమ్మా.”

“ఒక్కటడుగుత, ఏమనుకోవద్దు. ఆ రూంల గ్రెగ్ సారు ఆయన ఊరి కోసం కూసున్నడు. మీరు ఈ ఊరి కోసం కూసున్నరు. మా కోసం ఎవరు కూసున్నరు?”

“నేనే కదా.”

“మేం ఫోన్ ఎత్తకపోతే?”

మంచి మాట ఏదైనా చెప్పి ఉండవచ్చు. ఆ అమ్మాయికి అబద్ధం చెప్పాలనిపించలేదు. “ఇంకాస్త ఆగేదాన్ని. ఫైర్ వాళ్లని తలుపులు పగలగొట్టమనేదాన్ని. అప్పటికీ కాకపోతే గేటు ఎత్తించేదాన్ని. కట్ట తెగితే పై అంతస్తులూ పోతాయి.”

“గందుకే అడుగుతున్న” అంది.

ఇన్నేళ్లూ రెండు ఊళ్ల మధ్య అనుమానాన్ని మేము బ్రహ్మాండంగా నడిపాం. గేటు గదిలో ఇంజనీరు, ఎదురుగా గూఢచారి. ఇద్దరికీ సాయంత్రం వెళ్లడానికి ఎత్తు మీద ఇళ్లున్నాయి. నీళ్లు ఎవరి గుమ్మానికి వస్తాయో వాళ్లకు మా ఇద్దరి మీదా అనుమానపడే హక్కుంది. ఆ అనుమానానికి ఆ గదిలో చోటు మాత్రం లేదు. లైబ్రరీ అరలో నేను చదివిన ఒక్క పుస్తకమూ ఈ మాట చెప్పలేదు. చెప్పినా అప్పట్లో దాటేసి ఉంటానేమో.

రిటైరయ్యే ముందు నేను చేసిన ఆఖరి పని, గట్టి వాన రోజుల్లో ఒడ్డున నివసించేవాళ్లలో ఒకరు గేటు గదిలో కూర్చోవాలని రెండు ఊళ్లనీ ఒప్పించడం. “ఇది సినిమా హాలనుకున్నావా?” అన్నాడు గ్రెగ్. లెక్కలు తెలియని మనిషి వచ్చి ఏం చేస్తారన్నారు ఇంకొకరు. నేనూ ఒకప్పుడు లెక్కలు తెలియని మనిషినేనన్నాను. రే మాత్రం, “నాకు నచ్చలేదు. పెట్టండి” అన్నాడు. ఇది రూలు కాలేదు. వాడుకగా మిగిలింది. వాడుకలు రూళ్లకంటే త్వరగా చచ్చిపోతాయి కనుక, కొత్తగా చేరేవాళ్లు దీని మీద ఒక కన్నేసి ఉంచండి. ఆ కుర్చీకి మీరు చెప్పినదానికల్లా తల ఊపే మనిషిని పిలిచారంటే, పిలవనట్టే.

మొదటిసారి ప్రణీతే వచ్చింది. ఉద్యోగంలో నాకు అదే చివరి వాన. తడి గొడుగు మూలన పెట్టి, బ్యాగు ఒళ్లో పెట్టుకుని, కుర్చీ అంచున కూర్చుంది. గ్రెగ్ మర్యాదకి లేచి కప్పులో కాఫీ పోశాడు. స్క్రీన్ ఆమె వైపు తిప్పి, మట్టం మామూలుగానే ఉందని, కంగారు పడొద్దని చెప్పాడు.

ఆమె కప్పు అందుకోలేదు.

“కాఫీ తర్వాత, సర్,” అంది ఇంగ్లీషులో, “ముందు నీళ్లు చూపించండి.”